సంతకం పెట్టే చేయి

మన యూనియన్ సావనీరులో ఏటా ఏమేం వస్తాయో అందరికీ తెలిసిందే. ప్రిన్సిపాలుగారి ఆశీస్సులు, కార్యదర్శి నివేదిక, కబడ్డీ జట్టు ఫోటో, నాలుగు కవితలు, ఒకటి రెండు కథలు. వీటి మధ్య చనిపోయిన ఒక మనిషిని గురించి, అందులోనూ మన దేశం కాని మనిషిని గురించి ఇన్ని పేజీలు రాసిస్తే సంపాదకవర్గం వారు వేసుకుంటారా అని మొదట సందేహించాను. ఆలోచించగా, ఈయన మాట చెప్పుకోవలసిన చోటు ఇదేననిపించింది. ఎందుకంటే ఆయన కూడా ఒక విద్యార్థి సంఘం మనిషే.

ఈ కాలేజీలో చదివే రోజుల్లో నేనూ యూనియన్ వెంట తిరిగినవాణ్ణే. మేం కొట్లాడినవి మెస్ బిల్లు, బస్ పాస్, లైబ్రరీ వేళలు. రెండుసార్లు ధర్నా చేశాం. ఒకసారి పోలీసు జీపు గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ జీపు కథనే ఇప్పటికీ స్నేహితుల మధ్య వీరగాథలాగా చెప్పుకుంటాం. దక్షిణాఫ్రికా విద్యార్థి నాయకుడు స్టీవ్ బికో జీవితం చదివాక మాత్రం ఆ జీపు కథ చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గేసింది.

1968 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో కొందరు నల్లజాతి విద్యార్థులు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. 1969 జులైలో దానికి మొదటి అధ్యక్షుడైనవాడు బికో. అప్పటికి వైద్య విద్యార్థి, వయసు 22. ఎనిమిదేళ్లు తిరిగాక 1977 సెప్టెంబరు 12న, ప్రిటోరియా జైల్లో, పోలీసు కస్టడీ ఖైదీగా ఆయన ప్రాణం పోయింది. తలకు తగిలిన దెబ్బ వల్ల మెదడు దెబ్బతిని పోయాడు. అప్పటికి 31 ఏళ్లు కూడా నిండలేదు.

నిరంకుశ ప్రభుత్వం కింద ప్రతిపక్ష కార్యకర్త బతుకు అనగానే మన కళ్ల ముందు మెదిలేవి ఉరికొయ్య, లాఠీ, తుపాకి, చెరసాల గోడలు. అవి ఉన్న మాట నిజమే. కాని అవి చివరి అంకం. దానికి ముందు చాలా కథ నడుస్తుంది. ఆ కథ నడిచేది కాగితాల మీద. కాగితం మీద సంతకం పెట్టేవాడు చదువుకున్నవాడు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగిలినదంతా దీనికి సాక్ష్యం.

దక్షిణాఫ్రికాలో 1948 నుంచి ఏలినది తెల్లవారి నేషనల్ పార్టీ. ఆ దేశంలో పార్లమెంటు లేదా అంటే ఉంది. కోర్టులున్నాయి. పత్రికలున్నాయి. ఎన్నికలు కూడా వేళకు జరిగేవి. ఓటు మాత్రం తెల్లవాడికే. ఎవరు ఎక్కడ ఉండాలో, ఏ బడిలో చదవాలో, ఏ బెంచీ మీద కూర్చోవాలో, ఎవరిని పెళ్లాడాలో అన్నీ ఒంటిరంగును బట్టి చట్టమే నిర్ణయించేది. దీన్ని కాదన్న పెద్ద పార్టీలు రెండింటినీ 1960లో నిషేధించారు. నెల్సన్ మండేలాకు 1964లో యావజ్జీవ శిక్ష వేసి రాబెన్ దీవికి పంపారు. పెద్దవాళ్లు జైల్లోనో పరదేశంలోనో ఉండగా, దేశంలో గొంతెత్తే పని కాలేజీ పిల్లల మీద పడింది.

బికో పుట్టింది 1946లో. పెరిగింది కింగ్ విలియమ్స్ టౌన్ అనే ఊరి పక్కన జిన్స్‌బర్గ్ అనే నల్లవారి పేటలో. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. తల్లి తెల్లవారి ఇళ్లలో పనిచేసి, తరువాత ఆసుపత్రిలో వంటమనిషిగా చేసి పిల్లల్ని పెంచింది. 1966లో ఆయన డర్బన్‌లోని నటాల్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో చేరాడు. అది తెల్లవారు కానివారికని విడిగా పెట్టిన విభాగం. ఆఫ్రికన్లతో పాటు భారత సంతతి విద్యార్థులు కూడా అందులోనే చదివేవారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి నటాల్ చెరుకుతోటలకు కూలికి పోయినవారిలో మన తెలుగువారూ ఉన్నారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. వాళ్ల మనవలు, మునిమనవలు ఆ చట్టాల కిందే బతికారు.

ఇక విద్యార్థి సంఘం సంగతి. అన్ని జాతుల వారికీ కలిపి అక్కడ ఒక జాతీయ విద్యార్థి సంఘం ఉండేది. నాయకత్వం తెల్ల విద్యార్థులది. మంచివాళ్లే, జాతివివక్షకు వ్యతిరేకులే. 1967లో గ్రాహమ్స్ టౌన్‌లోని రోడ్స్ విశ్వవిద్యాలయంలో ఆ సంఘం మహాసభ జరిగింది. నల్ల ప్రతినిధులు తమ హాస్టళ్లలో ఉండటానికి వీల్లేదని విశ్వవిద్యాలయం వారు చెప్పేశారు. తెల్ల ప్రతినిధులకు హాస్టలు మంచాలు. నల్లవారికి ఊరి బయట పేటలో ఒక చర్చి హాలు. ఈ అన్యాయానికి నిరసనగా సభనే వాయిదా వేద్దామని బికో తీర్మానం పెట్టాడు. అది వీగిపోయింది. అందరూ విచారం వెలిబుచ్చారు, ఖండించారు, సభ మాత్రం జరుపుకున్నారు.

మన సభల్లో కూడా ఇలాంటి ఖండనలు మనకు బాగా అలవాటే గదా! తీర్మానం చేస్తాం, చప్పట్లు కొడతాం, భోజనాలకు లేస్తాం.

ఆ రోజు తేలిన విషయం ఒకటే. మన తరఫున వేరొకరు మాట్లాడినంత కాలం మన బాధ వాళ్లకొక తీర్మానమే తప్ప బాధ కాదు. ఆ ఆలోచనలోంచి పుట్టిందే నల్ల విద్యార్థుల సంఘం. వాళ్ల లెక్కలో నల్లవారంటే ఆఫ్రికన్లే కాదు. తెల్లవాడి చట్టం కింద నలిగే ప్రతివాడూ, భారత సంతతివారూ, మిశ్రమ జాతివారూ అందరూ నల్లవారే. అణగదొక్కబడ్డవాడు ముందు తన్ను తాను తక్కువవాడిగా చూసుకోవడం మానాలన్నది బికో చెప్పిన సారాంశం. సంఘం పత్రికలో ఆయన ఒక మారుపేరుతో వ్యాసాలు రాసేవాడు.

1972లో వైద్య కళాశాల ఆయన్ను తీసేసింది. కారణం, పరీక్షలు సరిగా పాసు కాకపోవడం. సంఘం పని చేస్తూ చదువు వెనకబెట్టినవాళ్లను మనమూ చూశాం. కాబట్టి దాన్ని దాచి పెట్టి ఆయన్ను దేవుణ్ణి చేయనవసరం లేదు.

1973లో వచ్చింది నిషేధాజ్ఞ. అసలు కథ ఇక్కడ మొదలు.

నిషేధాజ్ఞ అంటే మనకు తెలిసిన 144 సెక్షన్ కాదు. 1950 నాటి కమ్యూనిజం అణచివేత చట్టం కింద, న్యాయశాఖ మంత్రి ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు. కోర్టు లేదు, నేరం రుజువు చేసే పని లేదు, కారణం చెప్పే పని లేదు. కమ్యూనిస్టు అయి ఉండాలని కూడా లేదు. ఒక్క సంతకంతో ఒక మనిషి ఐదేళ్ల పాటు ఊళ్లోనే ఖైదీ. బికోతో పాటు ఆ విడతలో మరో ఏడుగురు విద్యార్థి నాయకుల మీద అలాంటి కాగితాలే వచ్చాయి.

ఆ కాగితంలో ఏముంటుందో కాస్త ఊహించుకోండి. నీ సొంత ఊరి తాలూకా దాటి పోరాదు. ఇంటివాళ్లు కాక ఒకసారి ఒక్క మనిషితోనే మాట్లాడాలి. మూడోవాడు గదిలోకి వస్తే అది సభ కింద లెక్క, నేరం. కాలేజీ గేటులో అడుగు పెట్టరాదు. అచ్చాఫీసు వైపు పోరాదు. ఏమీ రాసి ప్రచురించరాదు. నీవన్న మాట ఏ పత్రికా వేయరాదు, వేస్తే పత్రికవాడికి శిక్ష.

జైలు అయితే కనీసం గోడ కనబడుతుంది. ఈ జైలుకు గోడ లేదు. బజారులో ఇద్దరు పాత స్నేహితులు ఎదురై నవ్వుతూ దగ్గరికొస్తే, వారిలో ఒకరిని వెళ్లిపొమ్మని చెప్పాలి. ఇంట్లో చుట్టం ఉండగా ఇంకో స్నేహితుడు తలుపు కొడితే ఒకరు ఈ గదిలో, ఒకరు ఆ గదిలో. పెళ్లికి పోవడం, చావుకు పోవడం, పదిమందిలో కూర్చుని టీ తాగడం, ఇవన్నీ పోలీసువాడు నోటుబుక్కులో రాసుకోదగ్గ నేరాలే. మన హాస్టల్ గదిలో రాత్రి పదకొండింటికి ఎంతమందిమి చేరతాం? ఎనిమిదిమంది, పదిమంది. అలా చేరడమే నేరమైతే మన చదువు సంధ్యల్లో మిగిలేదేమిటి? రాజకీయం సంగతి దేవుడెరుగు, స్నేహమే మిగలదు.

నిరంకుశుడు ముందు తీసుకునేది మనిషి ప్రాణం కాదనీ, అతని ఎదుట కూర్చునే రెండో మనిషిని, మూడో మనిషిని అనీ నేను దీన్నిబట్టి గ్రహించాను. ఇద్దరు మాట్లాడుకుంటే అది కబురు. ముగ్గురు కూర్చుంటే సంఘం. ఆ లెక్క వాడికి బాగా తెలుసు.

మరి బికో ఏం చేశాడు? ఇంట్లో కూర్చుని ఏడ్చాడా? లేదు. కట్టు తాడు ఎంత పొడుగుంటే అంత దూరమూ తిరిగాడు. కింగ్ విలియమ్స్ టౌన్‌లో ఒక పాత చర్చి భవనంలో ప్రజా కార్యక్రమాల ఆఫీసు తెరిచారు. తోలుపని కుటీర పరిశ్రమకు సాయం చేశారు. జైలు నుంచి విడుదలైన రాజకీయ ఖైదీల కుటుంబాలకు సాయపడే నిధి ఏర్పాటు చేశారు. జిన్యోకా అనే పల్లెలో 1975లో ఒక ఆరోగ్య కేంద్రం వెలిసింది. దాన్ని నడిపిన డాక్టరు మాంఫెలా రాంఫెలె, నటాల్‌లో ఆయనతో పాటు చదివిన అమ్మాయి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు కాన్పులు, పిల్లలకు మందులు అక్కడ దొరికేవి. వైద్య కళాశాల బయటికి పంపించిన విద్యార్థి ఒక ఆసుపత్రికి కారకుడయ్యాడు.

ప్రభుత్వం దీన్ని కూడా ఓర్వలేదు. 1975 చివర ఆ సంస్థలో పనిచేయరాదని ఆయన నిషేధాజ్ఞకు ఇంకో వరుస తగిలించారు. 1977 ఏప్రిల్‌లో డాక్టర్ రాంఫెలెను దేశానికి ఇంకో మూల ఉన్న జనీన్ ప్రాంతానికి వెళ్లగొట్టారు. ఆమె అక్కడ కూడా ఇంకో ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టింది. ఆ సంగతి వేరు. కాన్పులు చేసే ఆసుపత్రి అంటే అంత పెద్ద ప్రభుత్వానికి భయమెందుకు అని మీరడగవచ్చు. ఎవరి దయా లేకుండా తమ పని తాము చేసుకోగలమని జనానికి ఒకసారి తెలిస్తే, తరువాత వాళ్లను తక్కువవాళ్లని నమ్మించడం కష్టం. భయం అందుకు.

ఇంకో ముచ్చట. నిషేధితుడి మాట పత్రికలో రాకూడదు గదా. కాని కోర్టులో చెప్పిన సాక్ష్యాన్ని మూసిపెట్టడం అంత తేలిక కాదు. 1974 సెప్టెంబరులో మొజాంబిక్ విముక్తి పోరాటానికి మద్దతుగా సభలు తలపెట్టినందుకు తొమ్మిదిమంది యువకుల మీద ఉగ్రవాద చట్టం కింద కేసు పెట్టారు. వాళ్లలో భారత సంతతివారైన శాత్స్ కూపర్, స్ట్రినీ మూడ్లీ కూడా ఉన్నారు. 1976 మేలో బికో వాళ్ల తరఫున సాక్షిగా ప్రిటోరియా వచ్చాడు. మూడేళ్లుగా నోరు కట్టేసిన మనిషి బోనులో నిలబడి రోజుల తరబడి తమ సిద్ధాంతమేమిటో శాంతంగా, మధ్య మధ్య చమత్కారంగా, జడ్జికి పాఠం చెప్పినట్టు చెప్పాడు. దేశం విన్నది. ముద్దాయిలకు శిక్షలు మాత్రం తప్పలేదు, వాళ్లను రాబెన్ దీవికి పంపారు. మరుసటి నెల, జూన్ 16న, సొవెటోలో బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. ఆగస్టులో బికోను పట్టుకుని 101 రోజులు ఒంటరి ఖైదులో ఉంచి, ఏ కేసూ పెట్టకుండానే వదిలేశారు.

ఆఖరి అరెస్టు 1977 ఆగస్టు 18 రాత్రి. ఆజ్ఞ దాటి కేప్ టౌన్ పోయి, మిత్రుడు పీటర్ జోన్స్‌తో కారులో తిరిగి వస్తుండగా గ్రాహమ్స్ టౌన్ దగ్గర రోడ్డు మీద పోలీసులు ఆపారు. పదేళ్ల కిందట హాస్టల్లో మంచం ఇవ్వని ఊరు కూడా అదే. పోర్ట్ ఎలిజబెత్‌లో పోలీసు సెల్లులో బట్టలు విప్పించి ఉంచారు. సెప్టెంబరు 6న విచారణ గదికి తీసుకుపోయారు. ఆ గదిలో ఆయన తలకు దెబ్బ తగిలింది. కాళ్లకు సంకెళ్లు వేసి ఇనుప ఊచలకు కట్టి ఉంచారు.

ఇక్కడి నుంచి దయచేసి జాగ్రత్తగా చదవండి. ఇది పోలీసుల కథ మాత్రమే కాదు. ముఖ్యంగా వైద్యం చదివేవారు, చదివించేవారు చదవాలి.

సెప్టెంబరు 7న ప్రభుత్వ జిల్లా డాక్టరు ఐవర్ లాంగ్‌ను పోలీసులు పిలిపించారు. ఖైదీ పెదవి చిట్లి ఉంది. మాట ముద్దగా వస్తోంది. నడిస్తే తూలుతున్నాడు. చేతులు, కాళ్లు వాచి ఉన్నాయి. డాక్టరు చూశాడు. చూసి, పోలీసు అధికారి అడిగిన సర్టిఫికెట్టు రాసిచ్చాడు. రోగ లక్షణమేదీ కనబడలేదని రాసి కింద సంతకం పెట్టాడు. మర్నాడు పై డాక్టరు బెంజమిన్ టక్కర్ వచ్చాడు. మెదడు దెబ్బతిన్న సూచన పరీక్షలో కనబడింది. వెన్నులోంచి నీరు తీస్తే అందులో రక్తం కనిపించింది. అయినా ఆసుపత్రిలో ఉంచలేదు, 11వ తేదీన తిరిగి సెల్లుకు పంపారు. అదే రోజు నోట నురగతో నేల మీద పడి ఉన్నాడు. ఊళ్లో ఆసుపత్రికి పంపుదామని టక్కర్ అన్నాడు. పోలీసు కర్నల్ ఒప్పుకోలేదు. డాక్టరు సరేనన్నాడు. చివరికి, స్పృహ సరిగా లేని మనిషిని బట్టలు లేకుండా, సంకెళ్లతో ఒక ల్యాండ్ రోవర్ వెనక పడుకోబెట్టి, వెంట డాక్టరు లేకుండా, వైద్యం కాగితాలు లేకుండా, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ప్రిటోరియాకు రాత్రంతా తోలుకుపోయారు. చేరిన మరికొన్ని గంటలకు ప్రాణం పోయింది.

కొట్టినవాడు పోలీసు. అందులో సందేహం లేదు. కాని 7వ తేదీ నుంచి 12వ తేదీ దాకా ఆ మనిషి బతికి ఉన్నాడు. అన్ని రోజుల్లో ఎవరో ఒక చదువుకున్న మనిషి ‘ఇతణ్ణి ఆసుపత్రికి పంపకపోతే నేను ఒప్పుకోను’ అని ఒక్క వాక్యం గట్టిగా అని ఉంటే ఏమయ్యేదో! ఆ డాక్టర్లు రాక్షసులేం కారు. పెళ్లాం పిల్లలున్నవాళ్లు. ఉద్యోగం, ఇంక్రిమెంటు, పై అధికారితో మాట రాకుండా చూసుకోవడం, ఇవే వాళ్ల లోకం. ఆ మాటకొస్తే మనలో చాలామంది లోకం కూడా ఇంతే. అందుకే నాకు భయం.

తరువాత కథ కూడా కాగితాల మీదే నడిచింది. ఆయన నిరాహార దీక్ష చేసి పోయాడన్నట్టు మొదట మంత్రి క్రూగర్ చెప్పాడు. ఆ చావు తనను కదిలించలేదని పార్టీ సభలో అన్నాడు కూడా. నవంబరులో విచారణ జరిగింది. కుటుంబం తరఫున సిడ్నీ కెంట్రిడ్జ్ అనే గొప్ప లాయరు పోలీసులనూ డాక్టర్లనూ ప్రశ్నల మీద ప్రశ్నలేసి నిజమంతా బయటికి లాగాడు. డిసెంబరు 2న మేజిస్ట్రేటు మూడు నిమిషాల్లో తీర్పు చదివేశాడు. ఈ మరణానికి ఎవరినీ బాధ్యులనడానికి ఆధారం లేదని తేల్చి సంతకం పెట్టాడు. అక్టోబరు 19ననే విద్యార్థి సంఘంతో సహా ఆ ఉద్యమ సంస్థలన్నింటినీ నిషేధించారు. మిత్రుడూ ‘డెయిలీ డిస్పాచ్’ సంపాదకుడూ అయిన డొనాల్డ్ వుడ్స్ ఈ చావును గురించి ఊరుకోకుండా రాసినందుకు ఆయన మీదా నిషేధాజ్ఞ పడింది. ఆయన పాదిరీ వేషంలో లెసోతో మీదుగా దేశం దాటాడు. 1987లో వచ్చిన ‘క్రై ఫ్రీడం’ సినిమా ఆ కథే.

కాని చేతులన్నీ ఒకే తీరుగా ఉండవు. 1980లో ఆ దేశపు వైద్య మండలి ఈ ఇద్దరు డాక్టర్ల మీద చర్య అక్కరలేదని తేల్చినప్పుడు, ఫ్రాన్సెస్ ఏమ్స్ అనే మెదడు వైద్య నిపుణురాలు, ఫిలిప్ టోబయాస్, ట్రెఫర్ జెంకిన్స్ వంటి ప్రొఫెసర్లు కొందరు అలా వదిలేయడానికి వీల్లేదని పట్టుబట్టారు. తోటి డాక్టర్ల మీద తాము కోర్టుకెక్కారు. ఉద్యోగం పోతుందని బెదిరించేవాళ్లు, మన వృత్తి పరువు తీస్తున్నారని తిట్టేవాళ్లు వాళ్లకూ లేకపోలేదు. 1985లో కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. మండలి తిరిగి విచారించక తప్పలేదు. లాంగ్‌ను మందలించి వదిలారు. టక్కర్ పేరు డాక్టర్ల జాబితా నుంచి కొట్టేశారు. కొన్నేళ్లకు ఆయన తన తప్పు ఒప్పుకుంటూ క్షమాపణ రాశాడు. పోలీసులతో మసలి మసలి, వాళ్ల అవసరమే తన అవసరమనుకునే స్థితికి తనకు తెలియకుండానే చేరుకున్నానని దాని భావం. ఒక్క రోజులో ఎవడూ అలా అయిపోడు. చిన్న చిన్న ‘సరే సార్’లతో మొదలవుతుంది.

దక్షిణాఫ్రికాలో ఆ పాలన 1994లో ముగిసింది. సత్య నిర్ధారణ కమిషన్ ముందుకు వచ్చి క్షమాభిక్ష అడిగిన పోలీసులు నిజమంతా చెప్పలేదని 1999లో నిరాకరించారు. అయినా ఒక్కరికీ శిక్ష పడలేదు. 2025 సెప్టెంబరులో, 48 ఏళ్ల తరువాత, ఆ మరణ విచారణను మళ్లీ తెరిచారు. మూడు నిమిషాల తీర్పును సరిదిద్దుకోవడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

‘ఇదంతా ఎక్కడో తెల్లవాడి దొరతనం కథ, మనకేం?’ అనే మిత్రులుంటారు. వాళ్లకు 1975 జూన్ 25 గుర్తు చేస్తాను. ఎమర్జెన్సీ నాటికి పుట్టనివాళ్లే ఇప్పుడు ఈ కాలేజీలో ఎక్కువ. కనుక ఇంట్లో తాతలనడగండి. లక్షమందికి పైగా విచారణ లేకుండా జైళ్లకు పోయారు. పత్రికలకు సెన్సారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుని, ఇలా పట్టుకుపోయిన మనిషికి కోర్టు తలుపు తట్టే హక్కు ఎమర్జెన్సీలో లేదని తేల్చారు. నలుగురు అటు, ఒక్కరు ఇటు. ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. మరుసటి ఏడు ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ను దాటి జూనియర్‌కు పోయింది. ఆయన రాజీనామా చేశారు. 2017లో సుప్రీంకోర్టే ఆ నలుగురి తీర్పు తప్పని ఒప్పుకుంది. నలుగురు న్యాయమూర్తులూ ఉద్దండులే. చదువు తక్కువై కాదు.

ఆ రోజుల్లోనే మన నెల్లూరు కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ పఠాభి గారి భార్య, నటి స్నేహలతారెడ్డి గారిని 1976 మేలో అరెస్టు చేసి బెంగుళూరు జైల్లో పెట్టారు. ఆమె ఉబ్బసం రోగి. నేరమేదీ రుజువు కాలేదు. జైల్లోనే జబ్బు ముదిరింది. 1977 జనవరిలో పెరోలు మీద వదిలితే, కొద్ది రోజులకే, 20వ తేదీన కన్నుమూశారు. బికో పోవడానికి ఎనిమిది నెలల ముందు. నేను రెండు ప్రభుత్వాలూ ఒకటే అనడం లేదు. ఇక్కడ ఎన్నికలొచ్చాయి, జనం ఓటుతో తీర్పు చెప్పారు. కాని విచారణ లేని ఖైదు అన్నది ఎక్కడైనా ఒకే పని చేస్తుంది. రోగిని రోగిగా చూడకుండా ఫైలుగా చూడడం నేర్పుతుంది.

విద్యార్థులకు రాజకీయాలెందుకనే పెద్దలకు నాదొక మనవి. రేపు ఈ పిల్లలే డాక్టర్లవుతారు, మేజిస్ట్రేట్లవుతారు, పత్రికల్లో సబ్‌ఎడిటర్లవుతారు, సెక్రటేరియట్లో ఫైళ్లు కదుపుతారు. అధికారం ఎక్కడ ఆగాలో వాళ్లకు ఇక్కడ తెలియకపోతే ఇంకెక్కడ తెలుస్తుంది? పోర్ట్ ఎలిజబెత్ డాక్టర్లకు వైద్యం వచ్చు. రాని పాఠం వేరే ఉంది. అది సిలబస్‌లో ఉండదు. నాలుగు రకాల మనుషులు ఒక గదిలో కూర్చుని గట్టిగా వాదించుకుంటే వస్తుంది. బికో మీద నిషేధాజ్ఞ తీసేసింది సరిగ్గా ఆ గదినే.

విద్యార్థి మిత్రులకు ఇంకో మనవి. గోడ మీద వీరుల బొమ్మలు కట్టి దండ వేయడం మనకు చాలా ఇష్టం. నేను కూడా వేశాను. అందులో ఒక సుఖముంది. ఆయన అంత గొప్పవాడు గనక ఆ పని ఆయన చేశాడు, మనం మామూలు వాళ్లం గనక మనవల్ల కాదు అని తప్పుకోవచ్చు. ‘నేను బికోను కాగలనా?’ అని ప్రశ్న వేసుకుంటే, నూటికి తొంభై తొమ్మిదిమందిమి కాలేము. పరవాలేదు, ఆ ప్రశ్న మనది కాదు. మనకు తగిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘ఎప్పుడో ఒకరోజు అలాంటి మనిషిని నా బల్ల ముందుకు తెస్తే, నేనేం రాస్తాను?’ దీనికి వీరుడు కానక్కరలేదు. చిట్లిన పెదవిని చిట్లిన పెదవి అని రాస్తే చాలు.

ఆ రోజు మనకు నోటీసు ఇచ్చి రాదు. మామూలు డ్యూటీ రోజులాగే వస్తుంది. పక్కన పై అధికారి నిలబడి ఉంటాడు. ‘ఏముంది డాక్టరుగారూ, ఒక చిన్న సంతకం’ అంటాడు. ఇంటి దగ్గర పిల్లాడి ఫీజు గుర్తొస్తుంది. అప్పుడు చేయి ఎటు కదులుతుందన్నది ఆ క్షణంలో తేలే సంగతి కాదు. ఇక్కడ, ఈ కాలేజీలో గడిపే మూడేళ్లలోనో ఐదేళ్లలోనో చాలావరకు తేలిపోతుంది. హాజరు పట్టీలో రాని స్నేహితుడికి వచ్చినట్టు సంతకం పెట్టే దగ్గర తేలుతుంది. లోకువగా ఉన్న ఒక పిల్లవాణ్ణి అందరూ ఏడిపిస్తుంటే మనం పుస్తకంలోకి తల దూర్చిన దగ్గర తేలుతుంది. సభలో తీర్మానం పెట్టి ఓడిపోయిన వాడి పక్కన నిలబడ్డామా, భోజనాలకు లేచామా అన్న దగ్గర తేలుతుంది.

మా బ్యాచ్ వాళ్లలో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, ఆఫీసర్లున్నారు. ఈ సావనీరు వాళ్లకూ చేరుతుంది. మిత్రులారా, మనం పాతబడ్డాం, ఇంకా సంతకాలు పెడుతూనే ఉన్నాం. చదివాక ఒకసారి ఎవరి చేయి వారు చూసుకుందాం.